ఎండ రాసే అక్షరాలు

రంగు ఏ ఊరి గోడకైనా పడుతుంది. నీడతో చేసే కళ మాత్రం ఆ ఊరి ఎండకే కట్టుబడి ఉంటుంది.

ఢిల్లీ లోధీ కాలనీలోని ఒక గోడ మీద అక్షరాలు అల్మరా అరల్లా ముందుకు పొడుచుకొచ్చి ఉంటాయి. ఎదురుగా నిలబడితే సన్నటి అంచులే కనిపిస్తాయి. పైనుంచి ఎండ పడగానే వాటి కింద ఇంగ్లిషు మాటలు నల్లగా తేలతాయి. కాలంతో మారిపోయేవాటి పేర్లవి. పొద్దు జరిగేకొద్దీ సాగి, వాలి, చివరికి మాయమవుతాయి. 2016లో దీన్ని చేసిన వీధి కళాకారుడు డాకు తన అసలు పేరు ఎప్పుడూ బయటపెట్టలేదు. తరవాత గోవాలోని పణజీలో వీధికి అడ్డంగా అక్షరాలు వేలాడదీసి, నీడను బాటసారుల కాళ్లకిందికే తెచ్చాడు.

లెక్కే కుంచె

దక్షిణం వైపు తిరిగిన గోడ నుంచి అక్షరం 10 సెంటీమీటర్లు ముందుకు వచ్చిందనుకుందాం. డిసెంబరు చివర్లో ఢిల్లీ మధ్యాహ్నపు సూర్యుడు 38 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. నీడ 8 సెంటీమీటర్లు దిగుతుంది. జూన్ చివర్లో ఆ ఎత్తు 85 డిగ్రీలు. అదే నీడ మీటరు దాటుతుంది. అక్షరం చదవాల్సిన నెల ఏదో, గంట ఏదో తేల్చుకున్నాకే రేకు కోయాలి.

రాత్రి దీపం కదలదు, నీడా కదలదు. బ్రూక్లిన్‌లో ఎల్లిస్ గాలఘర్ అనే కళాకారుడు వీధిదీపాల వెలుగులో సైకిళ్ల నీడల అంచుల వెంట సుద్దతో గీతలు గీశాడు. తెల్లారి సైకిలు వెళ్లిపోయినా గీత ఉంటుంది, వాన పడేదాకా. రెండు దీపాలుంటే రెండు నీడలు. పక్క దుకాణం బోర్డు ఎర్రగా వెలిగితే, తెల్లదీపం వేసిన నీడలోకి ఆ ఎరుపు దిగుతుంది. నగరంలో వెలుగు ఎప్పుడూ ఒక్కచోటి నుంచే రాదు. ఈ కళాకారులకు అదే సరుకు.

మన ఎండకు మన గోడ

లోధీ గోడల మీద కళ చేయించిన స్టార్ట్ ఇండియా సంస్థే 2016లో హైదరాబాద్ మక్తాలోనూ గోడలకు రంగులు వేయించింది. నీడ అక్షరాలను మాత్రం అలా యథాతథంగా తేలేం. హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలోనూ, ఆగస్టు 3 ప్రాంతంలోనూ మిట్టమధ్యాహ్నం నిటారు స్తంభానికి నీడే పడదు. ఆ రెండు తేదీల మధ్య రోజుల్లో మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరానికి ఒరుగుతాడు. ఢిల్లీ లెక్కతో కట్టిన దక్షిణపు గోడకు అప్పుడు ఇక్కడ మధ్యాహ్నం ఎండే తగలదు.

అవకాశం కూడా అక్కడే ఉంది. ఇక్కడ ఉత్తరపు గోడ మీద, రోహిణి కార్తె మధ్యాహ్నం చదవగలిగే తెలుగు మాటను నిలబెట్టొచ్చు. ఢిల్లీలో ఆ వేళ ఉత్తరపు గోడకు ఎండ తగలదు కనుక అది అక్కడ సాధ్యం కాదు.

అందుకే మన పురపాలక సంస్థలు గోడలు ఎంచేటప్పుడు దిక్కు, చెట్టు, దీపస్తంభం మొదట చూడాలి. ఏ నెలలో ఏ గోడకు ఎండ తగులుతుందో మేడ మీద బట్టలారేసే ఇల్లాలికి తెలుసు, నీడ వెంట తోపుడుబండి జరుపుకునే చిరువ్యాపారికి తెలుసు. కళాకారుడు గీత గీయకముందే వాళ్లను అడగాలి.