హాస్కెల్‌లో ప్రోగ్రామ్ టైమ్ సున్నా చూపిస్తోందా? అసలు టైమ్ కొలవడం ఇలా!

కొత్త ఫోన్ చేతికి రాగానే మనలో చాలామంది ముందు చేసే పని బెంచ్‌మార్క్ యాప్ రన్ చేయడం. చల్లగా ఉన్నప్పుడు ఒక స్కోర్ వస్తుంది, అరగంట గేమ్ ఆడి వేడెక్కాక ఇంకో స్కోర్. ఈ తేడాలు మనకి అలవాటే. కానీ పని మొదలవ్వకముందే స్టాప్‌వాచ్ ఆగిపోతే? హాస్కెల్‌లో కోడ్ రాసేవాళ్లకి ఏదో ఒక రోజు ఇది తప్పదు. నాకు మాత్రం టీమ్ అందరి ముందూ జరిగింది.

నా డెమో కథ

ఆఫీసులో ఒక పెద్ద లాగ్ ఫైల్ చదివి, రికార్డులుగా విడగొట్టే చిన్న టూల్ హాస్కెల్‌లో రాశాను. ఫంక్షన్‌కి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి టైమ్ తీసుకుని తేడా ప్రింట్ చేశా. కొన్ని మైక్రోసెకన్లే! ఆనందం ఆగక అందరికీ చెప్పేశా. డెమోలో రన్ కొట్టగానే టైమ్ ఠక్కున వచ్చింది, రిజల్ట్ మాత్రం రావట్లేదు. అందరం స్క్రీన్ చూస్తూ కూర్చున్నాం. మా సీనియర్ నవ్వుతూ, "బాబూ, నీ టైమర్ ఎప్పుడో ఇంటికెళ్లిపోయింది, పని ఇంకా అవుతూనే ఉంది కదా" అన్నారు.

అసలు ఎందుకిలా?

పైథాన్, జావాల్లో ఫంక్షన్‌ని పిలిస్తే పని అప్పుడే జరుగుతుంది. హాస్కెల్‌ది లేజీ పద్ధతి. రిజల్ట్ ఎవరికైనా నిజంగా కావాల్సి వచ్చేదాకా లెక్క చేయదు. టిఫిన్ సెంటర్‌లో డబ్బులు కట్టగానే టోకెన్ ఇస్తారు, దోశ ఇంకా పెనం మీద పడి ఉండదు. ఈ టోకెన్‌నే హాస్కెల్‌లో థంక్ అంటారు. నేను కొలిచింది టోకెన్ ఇచ్చే టైమ్. దోశ వేసింది ప్రింట్ చేసినప్పుడు.

ఉదాహరణకి, 1 నుంచి 1,00,00,000 వరకు అంకెలు కూడమని లెట్‌తో ఒక పేరుకి ఇచ్చారనుకోండి. ఆ లైన్ దాటడానికి దాదాపు టైమే పట్టదు. 50000005000000 అనే జవాబు కావాలని అడిగినప్పుడే కూడిక మొదలవుతుంది.

ఫంక్షనల్ లాంగ్వేజ్‌లన్నిటికీ ఈ గొడవ లేదు. ఓకామెల్, వాట్సాప్ సర్వర్ల వెనకున్న ఎర్లాంగ్ వెంటనే లెక్క చేస్తాయి. ఎర్లాంగ్‌లో టైమర్ మాడ్యూల్‌లోని టీసీ ఫంక్షన్ పట్టిన టైమ్‌ని మైక్రోసెకన్లలో నేరుగా ఇచ్చేస్తుంది.

సరైన పద్ధతి: నాలుగు స్టెప్పులు

1. ఇన్‌పుట్‌ని ముందే పూర్తిగా లెక్కించి పెట్టుకోండి. మామూలు రీడ్‌ఫైల్ కూడా లేజీయే. వదిలేస్తే ఫైల్ చదివే టైమ్ కూడా మీ ఫంక్షన్ ఖాతాలో పడుతుంది.
2. గడియారం చూసి స్టార్ట్ టైమ్ తీసుకోండి.
3. ఫంక్షన్ రిజల్ట్‌కి ఫోర్స్ తగిలించి, దాన్ని ఎవాల్యుయేట్‌కి ఇవ్వండి.
4. మళ్లీ గడియారం చూసి తేడా తీయండి.

మూడో స్టెప్‌లో చాలామంది ఎవాల్యుయేట్ ఒక్కటే రాసి వదిలేస్తారు. రిజల్ట్ ఒక మామూలు పూర్ణాంకం అయితే అది సరిపోతుంది. లిస్ట్ అయితే సరిపోదు. ఎందుకంటే అది లిస్ట్ ఖాళీనా, కాదా అన్నంత వరకే చూసి ఆగిపోతుంది, లోపలి ఐటమ్స్ ఇంకా టోకెన్లుగానే ఉంటాయి. చివరిదాకా వెళ్లాలంటే డీప్‌సెక్ లైబ్రరీలోని ఫోర్స్ కావాలి.

ఏ గడియారం వాడాలి?

గెట్ సీపీయూ టైమ్: మీ ప్రోగ్రామ్ ప్రాసెసర్‌ని ఎంతసేపు వాడిందో పీకోసెకన్లలో ఇస్తుంది. సెకన్లు కావాలంటే లక్ష కోట్లతో భాగించాలి. యూనిట్ పీకో కదా అని కచ్చితత్వం కూడా అంతే ఉంటుందనుకోకండి. ఇంకో విషయం, నాలుగు కోర్ల మీద రన్ చేస్తే నాలుగింటి టైమూ కలుస్తుంది. అంటే బయట గడిచిన టైమ్ కంటే ఇదే ఎక్కువ రావచ్చు.

గెట్ కరెంట్ టైమ్: గోడ గడియారం లాంటిది. మధ్యలో సిస్టమ్ ఇంటర్నెట్ నుంచి టైమ్ సరిచేసుకుంటే లెక్క తప్పుతుంది.

గెట్ మోనోటానిక్ టైమ్: ఎప్పుడూ వెనక్కి వెళ్లదు. యూజర్ ఎంతసేపు ఆగాలో తెలియాలంటే నా ఓటు దీనికే.

ఒక్కసారి కొలిస్తే చాలదు

ఫోన్ బెంచ్‌మార్క్ లాగే ఇక్కడా ఒక్క రన్‌ని నమ్మలేం. అలాగని అదే లెక్కని లూప్‌లో వందసార్లు పెడితే, మొదటిసారి వచ్చిన జవాబునే దాచుకుని మిగతా 99 సార్లూ అదే ఇచ్చేసే ప్రమాదం ఉంది. అందుకే క్రైటీరియన్ లైబ్రరీ వాడండి. ఇది ఫంక్షన్‌ని, ఇన్‌పుట్‌ని విడివిడిగా తీసుకుని ప్రతిసారీ కొత్తగా లెక్కిస్తుంది. చాలాసార్లు రన్ చేసి సగటు టైమ్, దానిలో హెచ్చుతగ్గులు కూడా చూపిస్తుంది. అందులో ఎన్ఎఫ్ అంటే రిజల్ట్ మొత్తం లెక్కించడం, డబ్ల్యూహెచ్ఎన్ఎఫ్ అంటే పై పొర వరకే. సైజ్ తక్కువ కావాలంటే టేస్టీ బెంచ్ ఉంది.

జీహెచ్‌సీఐలో సెట్ ప్లస్ ఎస్ కమాండ్ కొడితే ప్రతి లైన్‌కీ టైమ్, మెమరీ కనిపిస్తాయి. త్వరగా ఒక ఐడియాకి బాగుంటుంది కానీ, అక్కడ కోడ్ ఇంటర్‌ప్రెటర్‌లో నడుస్తుంది కాబట్టి స్లో. ఫైనల్ నంబర్ ఎప్పుడూ ఆప్టిమైజేషన్ ఆన్ చేసి కంపైల్ చేసిన ప్రోగ్రామ్‌దే అవ్వాలి.

చివరికి నా టూల్ ఏమైంది?

సరిగ్గా కొలిచాక, రన్‌టైమ్ ఇచ్చే ఎస్ ఆప్షన్ రిపోర్ట్ కూడా చూశా. అందులో మన కోడ్‌కి పట్టిన టైమ్, మెమరీ శుభ్రం చేసే గార్బేజ్ కలెక్షన్‌కి పట్టిన టైమ్ విడివిడిగా ఉంటాయి. నా దాంట్లో ఎక్కువ భాగం రెండోదే! కారణం స్ట్రింగ్. హాస్కెల్‌లో స్ట్రింగ్ అంటే ఒక్కో అక్షరాన్ని గొలుసులా కలిపిన లిస్ట్, మెమరీని బాగా తింటుంది. దాని బదులు బైట్‌స్ట్రింగ్ పెట్టాక తేడా కంటికే తెలిసింది. తప్పు టైమ్‌నే నమ్ముకుని ఉంటే ఈ సమస్య నాకు ఎప్పటికీ దొరికేది కాదు.

ఈసారి ఎవరైనా "నా కోడ్ జీరో మిల్లీసెకన్లు" అంటే ఒక్క ప్రశ్న అడగండి: "దోశ వచ్చిందా, టోకెనేనా?"