ఆట చెబుతుంది, దీపం వింటుంది

కౌంటర్-స్ట్రైక్ ఆటలో ఒక జట్టు బాంబు పెట్టేసింది. పేలడానికి 40 సెకన్లు. ఎదుటి జట్టు ఆటగాడు గోడ చాటున తుపాకీ గురిపెట్టి తెరవైపే చూస్తున్నాడు. అతని చేతుల కింద కీబోర్డు ఎర్రగా వెలిగి ఆరుతోంది. గడువు దగ్గరపడేకొద్దీ ఆ వెలగడం, ఆరడం వేగం పుంజుకుంటోంది. అతను కీబోర్డు వంక చూడనే లేదు. చూపు తెర మీదే ఉన్నా, కంటి కొసకు ఆ ఎరుపు అందుతూనే ఉంది.

కీబోర్డుకు బాంబు సంగతి ఎవరు చెప్పారు?

సికింద్రాబాద్ సీటీసీలో ఏ కంప్యూటర్ దుకాణంలోకి వెళ్లినా రంగులు మారే ఫ్యాన్లు, మౌసులు, కీబోర్డులు కనిపిస్తాయి. కొనేవాళ్లు చాలామంది వాటిని అలంకారంగానే చూస్తారు. కానీ ఆ దీపాలకు వార్తలు మోసే శక్తి ఉంది. అది వాటికి ఒక్కరోజులో రాలేదు. ముందు మూడు రంగులు కుదరాలి. తర్వాత ఆ రంగులు సంఖ్యల మాట వినాలి. చివరగా ఆట నోరు విప్పాలి. ఈ దీపాల జీవితకథలో మూడు మలుపులు ఇవే.

నీలం కోసం ఎదురుచూపు

మన కంటిలో రంగును గుర్తించే కణాలు మూడు రకాలు. అందుకే ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతులను తగిన పాళ్లలో కలిపితే మిగతా రంగులు కనిపిస్తాయి. 1861లో లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ దీన్ని అందరి ముందూ చేసి చూపించాడు. ఒక గళ్ల రిబ్బనును మూడు రంగుల ఫిల్టర్లతో మూడుసార్లు ఫొటో తీయించి, ఆ మూడు బొమ్మలనూ అవే రంగుల కాంతితో ఒకదాని మీద ఒకటి పడేలా చేశాడు. తెర మీద రంగుల రిబ్బను కనిపించింది.

అదే పని చిన్న అర్ధవాహక ముక్కతో చేయడానికి ఇంకో శతాబ్దం పైగా పట్టింది. 1962లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో పనిచేస్తున్న నిక్ హోలోన్యాక్ కంటికి కనిపించే ఎర్రని కాంతినిచ్చే ఎల్‌ఈడీని తయారుచేశాడు. ఆకుపచ్చ, పసుపు ఎల్‌ఈడీలూ తర్వాత వచ్చాయి. నీలం మాత్రం మొండికేసింది. నీలి కాంతిలో శక్తి ఎక్కువ. దాన్ని ఇవ్వగల గాలియం నైట్రైడ్ స్ఫటికాన్ని లోపాలు లేకుండా పెంచడమే కష్టం. పెంచినా, అందులో విద్యుత్తు పారడానికి కావలసిన రెండో రకం పొర కుదిరేది కాదు. జపాన్‌లో ఇసాము అకసాకి, హిరోషి అమానో నగోయాలోనూ, షూజీ నకమురా నిచియా సంస్థలోనూ ఈ చిక్కుముడితో ఏళ్ల తరబడి కుస్తీ పట్టారు. బాగా వెలిగే నీలి ఎల్‌ఈడీని నిచియా 1993లో ప్రకటించింది. ఈ కృషికి ముగ్గురికీ కలిపి 2014లో భౌతికశాస్త్ర నోబెల్ దక్కింది. ఆ నీలం లేకపోతే తెల్లని ఎల్‌ఈడీ బల్బూ లేదు, మన కథలోని కీబోర్డూ లేదు.

సంఖ్యల మాట వినే దీపం

మూడు రంగులు చేతికొచ్చాయి. వాటి పాళ్లు మార్చడమెలా? ఎల్‌ఈడీకి కరెంటు తగ్గిస్తూ మసకబార్చడం కన్నా, దాన్ని సెకనుకు వందలసార్లు వెలిగించి ఆర్పడం సులువు. ఎంతసేపు వెలిగి ఉంది, ఎంతసేపు ఆరి ఉంది అన్న నిష్పత్తినే కన్ను వెలుగుగా లెక్కేసుకుంటుంది. ఒక్కో రంగుకు 0 నుంచి 255 దాకా 256 మెట్లు పెట్టారు. మూడు రంగుల మెట్లనూ గుణిస్తే 1,67,77,216 మేళవింపులు. పెట్టెల మీద కనిపించే కోటీ అరవై ఏడు లక్షల రంగుల లెక్క ఇదే.

ఇక్కడ డబ్ల్యూఎస్2812 అనే చిన్న దీపాన్ని దగ్గరగా చూడాలి. 5 మిల్లీమీటర్ల చదరం. అందులో మూడు రంగుల ఎల్‌ఈడీలతో పాటు ఒక బుల్లి చిప్పు కూడా ఉంటుంది. వందల దీపాలను వరుసగా కలిపినా సమాచారం పోయే తీగ ఒక్కటే. బంతిలో కూర్చున్నవాళ్లు విస్తరాకుల కట్టలోంచి తమ ఆకు తీసుకుని మిగతా కట్టను పక్కవాళ్లకు అందించినట్టు, ప్రతి దీపం తనకు వచ్చిన మొదటి 24 బిట్లు ఉంచుకుని మిగిలినవి ముందుకు పంపిస్తుంది. ఒక్కో బిట్‌కు 1.25 మైక్రోసెకన్లు, ఒక్కో దీపానికి 30 మైక్రోసెకన్లు. నూరు దీపాల వరుస మొత్తానికి కొత్త రంగులు చెప్పడానికి 3 మిల్లీసెకన్లు చాలు. కీబోర్డుల్లో వాడే చిప్పుల అమరిక వేరుగా ఉంటుంది కానీ, ప్రతి దీపానికీ మూడు సంఖ్యలు అన్న సూత్రం ఒక్కటే.

రంగును చూడటం వేరు, సంగతి తెలియడం వేరు

తెరను, గదిలోని వెలుతురును జతకలపాలన్న ఆలోచన కొత్తది కాదు. ఫిలిప్స్ సంస్థ 2004లో ఆంబిలైట్ టీవీలు తెచ్చింది. తెర అంచుల్లో ఏ రంగు ఉంటే టీవీ వెనక గోడ మీద అదే రంగు పరుచుకునేది. ఆ తర్వాత అదే సంస్థ ఏఎంబీఎక్స్ పేరుతో ఆటల కోసం దీపాలు, గాలి వీచే ఫ్యాన్లు, చేతికింద అదిరే పట్టీ కలిపి అమ్మింది.

తెర రంగును చూసి నకలు చేసే పద్ధతి ఏ ఆటతోనైనా పనిచేస్తుంది. అదే దాని బలం. కానీ దానికి అర్థం తెలియదు. సూర్యాస్తమయపు ఎరుపూ, గాయపడ్డ ఆటగాడి తెర మీద కమ్ముకునే ఎరుపూ దానికి ఒకటే. బాంబుకు ఇంకెంత గడువుందో, తుపాకీలో ఎన్ని గుండ్లు మిగిలాయో ఏ రంగులోనూ రాసి ఉండదు. ఆ సంగతులు ఆటకు మాత్రమే తెలుసు. కాబట్టి ఆటే చెప్పాలి.

2013లో వచ్చిన ప్లేస్టేషన్ 4 కంట్రోలర్ ముందువైపు ఒక దీపపు పట్టీ ఉండేది. మరుసటి ఏడాది ఆ యంత్రం మీదికి వచ్చిన గ్రాండ్ తెఫ్ట్ ఆటో 5లో పోలీసులు వెంటపడితే ఆ పట్టీ ఎరుపు, నీలం మార్చి మార్చి వెలిగేది. అది తెర రంగును కాపీ కొట్టడం కాదు, ఆటలో జరిగిన సంఘటనకు స్పందన.

ఆట నోరు విప్పిన రోజు

2014లో రేజర్ సంస్థ క్రోమా వరుసను, కోర్సెయిర్ సంస్థ కె70 ఆర్‌జీబీ కీబోర్డును తెచ్చాయి. ప్రతి మీటకూ దాని సొంత దీపం. మరుసటి ఏడాది రేజర్ ఆటల తయారీదార్లకు క్రోమా సాధనాలను అందుబాటులో పెట్టింది. అందులో కీబోర్డు అంటే 6 అడ్డవరుసలు, 22 నిలువువరుసల గడుల పట్టిక. ఆట ఏ గడిలో ఏ రంగు కావాలో చెబితే చాలు. 2016లో వచ్చిన ఓవర్‌వాచ్‌లో ఆటగాడు ఏ పాత్రను ఎంచుకుంటే కీబోర్డు ఆ పాత్ర రంగులోకి మారేది.

డెన్మార్క్‌కు చెందిన స్టీల్‌సిరీస్ ఇంకో దారి పట్టింది. ఆటను రంగులు అడగలేదు, సంగతులు అడిగింది. ప్రాణం ఎంత మిగిలింది, గుండ్లు ఎన్ని ఉన్నాయి అన్నంత వరకే ఆట చెబుతుంది. దాన్ని ఏ మీట మీద ఏ రంగుగా చూపాలో వినేవాడి ఇష్టం. నా దృష్టిలో ఈ ఆవిష్కరణలో అసలు కీలకం ఈ విభజనే.

కౌంటర్-స్ట్రైక్‌ను విడుదల చేసిన వాల్వ్ సంస్థ దీన్ని ఇంకా విశాలం చేసింది. గేమ్ స్టేట్ ఇంటిగ్రేషన్ అనే ఏర్పాటు ద్వారా ఆట ఎవరికైనా తన సంగతులు చెప్పేలా చేసింది. ఆట ఫోల్డరులో పది పన్నెండు వరుసల చిన్న ఫైలు పెడితే చాలు. ఏ చిరునామాకు కబురు పంపాలో, ఏ ఏ వివరాలు కావాలో అందులో రాస్తాం. ఆ చిరునామా సాధారణంగా 127.0.0.1, అంటే మన కంప్యూటరే. ఆటలో ఏదైనా మారగానే అది ఆ చిరునామాకు కబురు పంపుతుంది: ప్రాణం 100 నుంచి 23కు పడిపోయింది, కవచం లేదు, బాంబు పెట్టారు. పక్కన నడిచే చిన్న ప్రోగ్రాం అది చదివి దీపాలకు రంగులు చెబుతుంది. 2023లో వచ్చిన కౌంటర్-స్ట్రైక్ 2లోనూ ఈ ఏర్పాటు ఉంది.

ఆ కబురులో నాకు బాగా నచ్చిన అంకె ఒకటుంది. కళ్లు బైర్లు కమ్మించే ఫ్లాష్ గ్రెనేడ్ ముందు పేలితే ఆటగాడు ఎంతగా చూపు కోల్పోయాడన్నది 0 నుంచి 255 దాకా ఉండే సంఖ్యగా వస్తుంది. దీపం వెలుగుకూ అవే మెట్లు. ఏ లెక్కా చేయకుండా ఆ అంకెను మూడు రంగులకూ ఇచ్చేస్తే చాలు, కీబోర్డు తెల్లగా పేలి, చూపు తిరిగొచ్చేకొద్దీ మెల్లగా ఆరిపోతుంది.

పందెంలో న్యాయం

ఆట చెప్పేదాకా ఎందుకు ఆగాలి, కంప్యూటర్ మెమరీలోంచి మనమే చదువుకోవచ్చు కదా అని అడగవచ్చు. గోడ వెనక శత్రువును చూడాలనుకునే మోసగాళ్లు చేసే పని సరిగ్గా అదే. ఆన్‌లైన్ ఆటల్లో మోసాలను పట్టే వ్యవస్థలు అలాంటి ప్రోగ్రాములను నిషేధిస్తాయి. ఆట తనంతట తాను చెబితే ఎంతవరకు చెప్పాలో కూడా ఆటే నిర్ణయిస్తుంది. కౌంటర్-స్ట్రైక్ ఆడుతున్నవాడికి తన వివరాలే అందుతాయి. అందరి వివరాలు ఆడకుండా చూస్తున్నవాళ్లకు మాత్రమే. అందుకే పోటీల ప్రసారాల్లో రెండు జట్ల అంకెలూ తెర మీద వేయడానికి ఇదే ఏర్పాటు పనికొస్తోంది. లీగ్ ఆఫ్ లెజెండ్స్‌లోనూ ఆట నడుస్తుండగా వివరాలు అడిగి తెలుసుకునే ద్వారం ఉంది. దాని సంఖ్య 2999.

ఆలస్యం, కంటి కొస

కబురు ఎంత త్వరగా చేరుతుంది? కీబోర్డు యూఎస్‌బీ తీగలో ఆలస్యం చాలా తక్కువ. ఫిలిప్స్ హ్యూ లాంటి గది బల్బులకు వైర్‌లెస్ దారిలో సెకనుకు 25 మార్పుల దాకా పంపవచ్చు. అసలు ఆలస్యం చాలాసార్లు మొదట్లోనే ఉంటుంది. వాల్వ్ ఇచ్చిన నమూనా ఫైలులో ఒక కబురు చేరాక ఇంకో కబురుకు అర సెకను ఆగమని ఉంది. దాన్ని అలాగే వదిలేస్తే గుండు తగిలాక దీపం ఆలోచించుకుని వెలిగినట్టు అనిపిస్తుంది. ఆ అంకె తగ్గిస్తే వెంటనే తేడా తెలుస్తుంది.

కంటి సంగతీ తెలుసుకోవాలి. రంగును పోల్చే కణాలు రెటీనా మధ్యలో దట్టంగా ఉంటాయి. కొసల్లో పలచబడతాయి. కంటి కొసకు రంగుల సూక్ష్మభేదాలు సరిగా తెలియవు కానీ, కదలిక, వెలుగులో మార్పు ఇట్టే తెలుస్తాయి. అందుకే ప్రాణం తగ్గేకొద్దీ పచ్చ నుంచి నారింజకు జారే రంగు కన్నా, ఒక్కొక్క మీట ఆరిపోయే వరుస ఎక్కువ ఉపయోగం. ఎరుపు, పచ్చ తేడా తెలియని వర్ణాంధులకూ అది అందుతుంది. చెవులు వినిపించని ఆటగాడికి శబ్దం చెప్పాల్సిన వార్తను వెలుగు చెప్పగలదు. దీన్ని అలంకారమని తీసిపారేయకూడదని నేననడానికి పెద్ద కారణం ఇదే.

ఒక జాగ్రత్త తప్పనిసరి. 1997 డిసెంబరు 16న జపాన్‌లో పోకెమాన్ కార్టూన్‌లో ఎరుపు, నీలం వెలుగులు సెకనుకు 12 సార్లు మారిన ఒక దృశ్యం చూసి వందలమంది పిల్లలు అస్వస్థులయ్యారు. 685 మందిని ఆసుపత్రులకు తరలించారు. వెలుగు మిణుకులకు మూర్ఛ వచ్చే స్వభావం కొందరిలో ఉంటుంది. వెబ్ ప్రమాణాలు సెకనుకు మూడు మిణుకులు దాటవద్దంటాయి. గది నిండా దీపాలు పెట్టేవాళ్లు ఈ హద్దును గట్టిగా పాటించాలి.

ఉమ్మడి భాష

ఇన్నాళ్లూ పెద్ద అడ్డంకి కంపెనీల మధ్య గోడలే. ఒకరి కీబోర్డు, ఇంకొకరి మౌసు, మరొకరి ఫ్యాన్లు కొంటే మూడు ప్రోగ్రాములు నడపాలి. అవి ఒకదాంతో ఒకటి మాట్లాడవు. ఔత్సాహికులు ఓపెన్‌ఆర్‌జీబీ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తో ఈ గోడలకు కన్నం వేశారు. పరికరాలకు వెళ్లే సంకేతాలను ఓపికగా గమనించి, ఒక్కొక్క కంపెనీ భాషనూ విప్పుకుంటూ వచ్చారు. 2023లో మైక్రోసాఫ్ట్ విండోస్ 11లో డైనమిక్ లైటింగ్‌ను చేర్చింది. దాని వెనకున్న ల్యాంప్ అర్రే ప్రమాణం ప్రకారం పరికరమే తనను తాను పరిచయం చేసుకుంటుంది: నాలో ఇన్ని దీపాలున్నాయి, ఒక్కొక్కటి ఇక్కడ ఉంది అని మైక్రోమీటర్ల లెక్కతో సహా చెబుతుంది. దీపాల వైపు ఉమ్మడి భాష ఇలా కుదురుకుంటోంది. ఆటల వైపు అలాంటిది ఇంకా లేదు. ప్రతి ఆటా తన సొంత యాసలోనే మాట్లాడుతుంది, చాలా ఆటలు అసలు మాట్లాడవు.

మన ఊళ్లలో ఇంజనీరింగ్ చదివే పిల్లలకు ఇది మంచి ప్రాజెక్టు. ఒక డబ్ల్యూఎస్2812 పట్టీ, వైఫై ఉన్న ఈఎస్‌పీ32 బోర్డు, అందులో డబ్ల్యూఎల్ఈడీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంటే సామగ్రి సిద్ధం. ఒక్కో దీపం పూర్తి తెలుపులో దాదాపు 60 మిల్లీఆంపియర్లు లాగుతుంది. 60 దీపాలకు 3.6 ఆంపియర్లు కావాలి కనుక కంప్యూటర్ యూఎస్‌బీ నుంచి కాకుండా విడిగా 5 వోల్టుల సరఫరా ఇవ్వాలి. ఆట పంపే కబురును అందుకుని పట్టీకి రంగులుగా చెప్పే ప్రోగ్రాం యాభై వరుసల్లో అయిపోతుంది. నెట్‌వర్క్, ఎలక్ట్రానిక్స్, కంటి శాస్త్రం మూడూ ఒకే బల్ల మీద నేర్చుకోవచ్చు.

ఆట తన స్థితిని శుభ్రమైన మాటల్లో బయటికి చెప్పి, దాన్ని ఎలా చూపాలన్నది వినేవాళ్లకు వదిలేస్తే, అదే కబురుతో ఒకరు దీపం వెలిగిస్తారు, ఒకరు ప్రసారపు తెర నింపుతారు, ఒకరు చెవులు వినిపించని స్నేహితుడికి హెచ్చరిక చూపిస్తారు. కొత్త ఆట కొనేటప్పుడు ఎన్ని కోట్ల రంగులు అని కాదు, ఈ ఆట తన సంగతులు బయటికి చెబుతుందా అని అడుగుదాం. ఆడేవాళ్లు అడిగితేనే తయారుచేసేవాళ్లు ఆ తలుపు తీస్తారు.