గుర్రాలలో పేగు పరాన్నజీవులు

గుర్రాల జీర్ణనాళంలో నివసిస్తూ వాటి రక్తం, కణజాలం, ఆహారంపై ఆధారపడి జీవించే పురుగులను పేగు పరాన్నజీవులు అంటారు. పశువుల పెంపకందారుల వాడుకలో వీటికి నట్టలు అని పేరు. పచ్చిక మేసే గుర్రాలలో ఇవి బొత్తిగా లేని గుర్రం అరుదు. కొద్దిపాటి సంఖ్యలో ఉన్నప్పుడు ఆరోగ్యవంతమైన పెద్ద గుర్రానికి చెప్పుకోదగిన హాని కలగదు. అందుచేత వీటిని అదుపులో ఉంచడమే నేటి పశువైద్యుల లక్ష్యం.

స్ట్రాంగైల్ పురుగులు

వీటిలో పెద్దవి, చిన్నవి అని రెండు వర్గాలున్నాయి. పెద్దవాటిలో అత్యంత ప్రమాదకరమైనది స్ట్రాంగైలస్ వల్గారిస్. లద్దెతో బయటపడిన గుడ్లు పొదిగి, డింభకాలు గడ్డిపరకలపైకి పాకుతాయి. మేతతోపాటు లోపలికి చేరిన డింభకం పేగు గోడను తొలుచుకొని, ధమనుల లోపలి పొర వెంట ప్రయాణించి, పేగులకు రక్తాన్ని అందించే పెద్ద ధమనిలో కొన్ని నెలలు గడుపుతుంది. అక్కడ ధమని గోడ వాచి, రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డల ముక్కలు తెగి చిన్న ధమనులకు అడ్డుపడితే, రక్తం అందక పేగులో కొంత భాగం చచ్చుబడుతుంది. గుర్రం తీవ్రమైన కడుపునొప్పితో నేలపై పొర్లుతుంది, తరచు మరణిస్తుంది. డింభకం తిరిగి పేగును చేరి, పెరిగి, గుడ్లు పెట్టడానికి 6 నెలలకు పైగా పడుతుంది. అనగా లద్దెలో గుడ్లు కనిపించేనాటికే ధమనికి నష్టం జరిగి ఉంటుంది.

చిన్న స్ట్రాంగైల్స్‌లో సుమారు 50 జాతులున్నాయి. ఇవి ధమనుల జోలికి పోవు. వీటి డింభకాలు అంధనాళం, పెద్దపేగు గోడలలో కోశాలు కట్టుకొని నెలల తరబడి నిద్రాణంగా ఉంటాయి. శీతల దేశాలలో చలికాలం చివర ఇవి వేల సంఖ్యలో ఒక్కసారిగా బయటపడినప్పుడు గుర్రానికి తీవ్రమైన విరేచనాలు కలిగి, కొద్ది వారాలలోనే చిక్కి శల్యమవుతుంది. చికిత్స చేసినా దాదాపు సగం గుర్రాలు దక్కవు.

ఏలికపాములు

పారాస్కారిస్ ప్రజాతికి చెందిన ఇవి ముఖ్యంగా ఏడాదిలోపు పిల్లలను బాధిస్తాయి; తర్వాత రోగనిరోధక శక్తి ఏర్పడుతుంది. పొడవు 30 సెంటీమీటర్లకు మించవచ్చు. పురుగులు అధికంగా ఉన్న పిల్లకు తీవ్రమైన మందు ఇస్తే అవన్నీ ఒకేసారి చచ్చుబడి, ఉండచుట్టుకొని చిన్నపేగును మూసివేస్తాయి. మేలు చేయబోయిన మందే ఈ విధంగా ప్రాణం తీయవచ్చు. జీవశాస్త్ర చరిత్రలోనూ ఈ పురుగుకు స్థానముంది. దీని క్రోమోజోములు అతి తక్కువ. 1883లో బెల్జియం శాస్త్రజ్ఞుడు ఎడ్వార్డ్ వాన్ బెనెడెన్ దీని గుడ్లను పరిశీలించి, సంతానానికి తల్లి, తండ్రి సమానంగా క్రోమోజోములను అందిస్తారని చూపాడు.

ఇతర పురుగులు

అనోప్లోసెఫాలా అనే బద్దెపురుగు చిన్నపేగు, అంధనాళం కలిసేచోట అంటుకొని ఉంటుంది. పచ్చికలోని సూక్ష్మమైన నల్లుల ద్వారా వ్యాపిస్తుంది. ఆక్సియూరిస్ పురుగు మలద్వారం చుట్టూ గుడ్లు పెట్టడం వలన దురద పుట్టి, గుర్రం తోకను గోడకు రుద్దుకుంటుంది.

మందులు, నిరోధకత

1960లలో కొత్త మందులు రాగానే ప్రతి 8 వారాలకు అన్ని గుర్రాలకూ మందు పట్టించే పద్ధతి అమెరికాలో మొదలై ఇతర దేశాలకు పాకింది. 1980లలో ఐవర్‌మెక్టిన్ వచ్చింది. పెద్ద స్ట్రాంగైల్స్ బాగా తగ్గాయి గాని, అదే పద్ధతి వలన మందుకు లొంగని పురుగులు వృద్ధి చెందాయి. ఐవర్‌మెక్టిన్‌కు లొంగని ఏలికపాములను 2002లో నెదర్లాండ్స్‌లో గుర్తించారు.

ప్రస్తుతం లద్దెలోని గుడ్లను లెక్కించి, అవసరమైన వాటికే మందు ఇవ్వాలని నిపుణులు సూచిస్తున్నారు. మందలో దాదాపు 20 శాతం గుర్రాలే 80 శాతం గుడ్లను విడుదల చేస్తాయి. మందు పనిచేసిందో లేదో తెలుసుకోవడానికి 2 వారాల తర్వాత మరల లెక్కించాలి. అయితే ఈ పద్ధతి కూడా నిరపాయమైనది కాదు. డెన్మార్క్‌లో 1999 నుండి పశువైద్యుని చీటీ లేనిదే నట్టల మందు అమ్మరాదు. అక్కడ మందు తగ్గించిన శాలలలో స్ట్రాంగైలస్ వల్గారిస్ మళ్ళీ కనిపించింది.

మందుతో పనిలేని ఉపాయం, వారానికి రెండుసార్లు పచ్చిక నుండి లద్దె ఎత్తివేయడం. ఎత్తకుండా చెదరగొట్టడం మాత్రం కాలాన్ని బట్టి చేయాలి: ఎండ మండే పొడి రోజులలో డింభకాలు ఎండి చస్తాయి, తేమగా ఉన్నప్పుడు మైదానమంతటా వ్యాపిస్తాయి.