పిండిన కొద్దీ ఊరే పాలు

నెలలు నిండని శిశువును కరీంనగర్ మాతా శిశు ఆరోగ్య కేంద్రంలోనో, ఆదిలాబాద్ రిమ్స్‌లోనో నవజాత శిశు విభాగంలో చేర్చగానే, తల్లికి ‘పాలు పడలేదు’ అంటూ బంధువులు డబ్బా పాలకు సిద్ధపడుతుంటారు. అది తొందరపాటే. మొదటి రోజుల్లో చెంచాడు ముర్రుపాలే రావడం సహజం. రొమ్ములో పాలు నిలిచిపోతే ఊరడం తగ్గుతుంది. ఖాళీ చేసిన కొద్దీ మళ్లీ ఊరుతాయి. అందుకే కాన్పైన తొలి గంటల్లోనే చేత్తో పిండడం మొదలుపెట్టి, తర్వాత పంపుతో రోజుకు 8 నుంచి 10 సార్లు తీయాలని శిశు వైద్యులు సూచిస్తారు. పాల ఉత్పత్తికి తోడ్పడే ప్రొలాక్టిన్ హార్మోన్ రాత్రివేళ అధికంగా విడుదలవుతుంది కనుక రాత్రి తీయడం మానరాదు. ముందుగా రొమ్మును మృదువుగా మర్దన చేసినా, వైద్యులు అనుమతిస్తే బిడ్డను ఎదకు హత్తుకున్నా పాలు త్వరగా చేపుకొస్తాయి. నొప్పి పుట్టేలా పంపు లాగితే ప్రయోజనం లేదు. పథ్యం పేరిట బాలింతకు మంచినీళ్లు తగ్గించడమూ తగదు. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటే ఈ ప్రాంతంలో, తీసిన పాలను బయట ఉంచక వెంటనే వార్డు సిబ్బందికి అప్పగించి ఫ్రిజ్‌లో పెట్టించాలి.