ఇంజిన్ ‘మిస్’ అవుతోందా? ముందు ఏ సిలిండరో తేల్చండి

కారు నిలకడగా ఉన్నా స్టీరింగు వణుకుతుంది. పొగ గొట్టం నుంచి శబ్దం ఒకే తీరున రాక మధ్యమధ్య తెగిపోతుంది. ఎత్తు ఎక్కాలంటే గేరు తగ్గించక తప్పదు. పాత కార్ల యజమానులకు తరచూ ఎదురయ్యే ఈ ఇబ్బందినే మెకానిక్కులు ఇంజిన్ ‘మిస్’ కావడమంటారు. చాలామంది వెంటనే ప్లగ్గులు, వైర్లు, కాయిల్ అన్నీ మార్పించేస్తారు. వేల రూపాయలు ఖర్చయినా కొన్నిసార్లు లోపం అలాగే మిగిలిపోతుంది. ఏ సిలిండరు పనిచేయడం లేదో ముందుగా తేల్చుకుంటే ఈ ఖర్చు చాలావరకు తప్పుతుంది. ఆ పరీక్షను ఇంటివద్దే చేసుకోవచ్చు.

మూడింట ఒక వంతు శక్తి పోయినట్లే

1983లో వచ్చి, 2014లో ఉత్పత్తి నిలిచిపోయిన మారుతి 800నే తీసుకుందాం. ఇందులో ఉన్నవి మూడే సిలిండర్లు. ఒకటి మొరాయిస్తే మూడింట ఒక వంతు శక్తి పోయినట్లే. కాలని పెట్రోలు సిలిండరు గోడలపై ఉన్న నూనెను కడిగేస్తుంది. కొంత ఇంజిన్ ఆయిల్‌లో కలిసి దానిని పలుచన చేస్తుంది. అందుకే ‘మిస్’ అవుతున్న కారును రోజుల తరబడి నడపకూడదు.

ముందు జాగ్రత్తలు

కారును గాలి ఆడే చోట నిలిపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, గేరును న్యూట్రల్‌లో ఉంచాలి. దరిదాపుల్లో బీడీ, సిగరెట్, దీపం ఉండరాదు. కండువా, చున్నీ వంటివి బెల్టులో చిక్కుకునే ప్రమాదముంది. ప్లగ్ వైర్లు తీసేముందు ఏది ఏ సిలిండరుదో కాగితం అంటించి అంకె వేసుకోవాలి. మారుతి 800లో సిలిండర్లు మండే వరుస 1-3-2. వైర్లు తారుమారైతే కొత్త సమస్య మొదలవుతుంది.

పరీక్ష ఇలా

ఇది కార్బురేటరు, డిస్ట్రిబ్యూటరు ఉన్న పాత మోడళ్లకు మాత్రమే వర్తిస్తుంది. ఇంజిన్ ఆపి, ఒక సిలిండరు ప్లగ్ వైరును ఊడదీయాలి. ఆ వైరుకు విడిగా ఉన్న మంచి ప్లగ్గును తొడిగి, దాని లోహపు భాగం ఇంజిన్ లోహానికి గట్టిగా తగిలేలా క్లిప్పుతో బిగించాలి. ఇది కార్బురేటరుకు, పెట్రోలు గొట్టాలకు దూరంగా ఉండాలి. తర్వాత ఇంజిన్‌ను కొద్ది సెకన్లు నడపాలి. ఆ సమయంలో వైరును, ప్లగ్గును చేతితో తాకరాదు.

వణుకు మరింత పెరిగితే ఆ సిలిండరు బాగానే పనిచేస్తున్నట్లు లెక్క. ఏ మార్పూ లేకపోతే లోపం అక్కడే ఉంది. మళ్లీ ఇంజిన్ ఆపి, ఇదే తీరున ఒక్కొక్క సిలిండరునూ పరీక్షించాలి.

లోపమున్న సిలిండరు వైరుకు తొడిగిన ప్లగ్గులో నిప్పురవ్వ కనిపించకపోతే ప్లగ్ వైరును, డిస్ట్రిబ్యూటరు మూతను అనుమానించాలి. మూతలో చెమ్మ ఉంటే పొడిబట్టతో తుడిస్తే చాలు. వర్షాకాలంలో ఈ బాధ ఎక్కువ. పగులు గానీ, లోపల సన్నని నల్లటి గీత గానీ ఉంటే మూత మార్చాలి. రవ్వ బాగా వస్తుంటే లోపం పాత ప్లగ్గులోనో, ఇంజిన్ లోపలో ఉన్నట్లు.

ప్లగ్గు చెప్పే సంగతి

ఇంజిన్ పూర్తిగా చల్లారాకే ప్లగ్గును విప్పాలి. లేత గోధుమ రంగు ఆరోగ్యానికి గుర్తు. పొడి మసి పట్టి ఉంటే పెట్రోలు పాలు ఎక్కువైందని, పెట్రోలుతో తడిసి ఉంటే అక్కడ మంట అంటుకోవడం లేదని, నూనె అంటి ఉంటే రింగులు లేదా వాల్వు సీళ్లు అరిగాయని అర్థం. ఈ ప్లగ్గును పక్క సిలిండరులోకి మార్చి చూడాలి. లోపం కూడా అటే వెళితే ప్లగ్గు మారిస్తే సరిపోతుంది. బిగించేటప్పుడు మొదట చేతితోనే తిప్పి, చివరలోనే పానా వాడాలి. లేకుంటే హెడ్డులోని మరలు చెడిపోతాయి.

అన్ని సిలిండర్లూ తడబడుతుంటే

లోపం ఒక్క సిలిండరుకే పరిమితం కాకపోతే కాయిల్, రోటరు, పాయింట్లు, పెట్రోలు ఫిల్టరు చూడాలి. వేగం పెంచినప్పుడే తడబడితే పెట్రోలు చాలినంత అందడం లేదేమో గమనించాలి. నిలకడగా ఉన్నప్పుడే వణికితే పగిలిన గాలి గొట్టాలను వెదకాలి. ఒకసారికి ఒక్క భాగాన్నే మార్చి ఫలితం చూడాలి. అన్నీ కలిపి మారిస్తే అసలు లోపం ఎక్కడిదో తెలియదు.

ఇక్కడ ఆగండి

ప్లగ్గు, వైరు రెండూ బాగున్నా అదే సిలిండరు మొరాయిస్తుంటే మెకానిక్కు చేత కంప్రెషన్ పరీక్ష చేయించాలి. వాల్వు కాలిపోయినా, హెడ్ గ్యాస్కెట్ దెబ్బతిన్నా అందులో తెలుస్తుంది. తెల్లపొగ వస్తూ, రేడియేటరులో నీరు తరిగిపోతుంటే కారును నడపనే కూడదు. ఎంపీఎఫ్ఐ కార్లలో పైన చెప్పిన వైరు పరీక్ష చేయరాదు. కాలని పెట్రోలు పొగ గొట్టంలోని కేటలిటిక్ కన్వర్టరుకు చేరి, అది విపరీతంగా వేడెక్కి పాడవుతుంది. ఆ కార్లకు స్కానరుతో పరీక్ష చేయించడమే మేలు. మెకానిక్కు వద్దకు వెళ్లినా ‘రెండో సిలిండరు పనిచేయడం లేదు, ప్లగ్గు మార్చి చూశాను’ అని చెప్పగలిగితే అతని పని తేలికవుతుంది, మీ ఖర్చూ తగ్గుతుంది.