ఎండుద్రాక్ష గిన్నె

ఆదివారం ప్రభువు బల్ల ఉందంటే మా మందిరంలో శనివారమే పని మొదలవుతుంది. కర్నూలు, కడప నల్లరేగళ్లలో శనగ, జొన్న పండుతాయి గానీ ద్రాక్షతోటలు అరుదు. అందుకే అంగడి ఎండుద్రాక్షనే నానబెట్టి, ఉడికించి, పిసికి, గుడ్డలో వడగడతాం.

ఇది పేదసంఘాల సర్దుబాటు మాత్రమే అనుకోనక్కరలేదు. బర్నబా పుట్టిన కుప్రలో, అంటే నేటి సైప్రస్ ద్వీపంలో, పేరుమోసిన ద్రాక్షారసం కూడా ఎండిన పండ్లదే. త్రోదోస్ కొండల దక్షిణపు వాలులో 14 ఊళ్లవారు మావ్రో అనే నల్లద్రాక్షను, క్సినిస్తేరి అనే తెల్లద్రాక్షను కోసి ఎండలో పరుస్తారు. నీరు ఇగిరి తీపి చిక్కబడ్డాక పిండి, పులియబెట్టి, పీపాల్లో ఏళ్లతరబడి ఉంచుతారు. దాని పేరు కమాండరియా. మధ్యయుగాల్లో ఆ ద్వీపంలో ఉన్న క్రూసేడు యోధుల జాగీరు పేరే దానికి నిలిచింది.

మా గిన్నెలోది మాత్రం పులియకూడదు. అమెరికాలో థామస్ వెల్చ్ అనే మెథడిస్టు దంతవైద్యుడు 1869లో ద్రాక్షరసాన్ని వేడిచేసి పులియకుండా ఆపింది ప్రభువు బల్ల కోసమే. మా కారణం ఇంకా దగ్గరిది. తాగుడు మానిన ఒక సహోదరుడు మూడు నెలలు బల్లకు రాలేదు. నాలుకకు తగిలితే మళ్లీ జారిపోతానేమోనని అతని భయం, భార్యకు అంతకన్నా భయం. ఒక శనివారం సంఘపెద్దలు అతన్నే పిలిచి పొయ్యి దగ్గర కూర్చోబెట్టారు. ద్రాక్ష తనే పిసికాడు, రసం తనే వడగట్టాడు. మరునాడు గిన్నె అందుకున్నాడు.