వీడియోలు కూర్చుటకు ఎట్టి ప్రాసెసరు కావలయును?

మా తోడికోడలు నిరుడు పెండ్లి వీడియోలు కూర్చి యిచ్చు పనికి పూనుకొని, చీటి పాడుకొని తెచ్చిన సొమ్ముతో నొక కంప్యూటరును కొన్నది. ఇంతకు మించిన వేగము లేదని అంగడివారు నమ్మబలికిరి. ఫోనుతో తీసిన పెండ్లిదృశ్యములను తెరపై నుంచగానే, తలంబ్రాల ఘట్టము అడుగడుగునకు నాగి, వధూవరులు బొమ్మలవలె బిగుసుకొని పోయిరి. ఒప్పుకొన్న గడువు దాటినది. పెండ్లివారు నొచ్చుకొనిరి. తప్పు ఆమె చేతిపనిది కాదు. ప్రాసెసరు పేరు చివరనున్న యొక యక్షరముది.

సంగతి యేమనగా, వీడియోలోని ప్రతి బొమ్మయు పూర్తిగా దాచబడదు. ఒక నిండు బొమ్మను దాచి, పిమ్మటి వానిలో మారిన భాగములను మాత్రమే వ్రాసియుంచుదురు. 2003లో వెలువడిన హెచ్.264 పద్ధతియు, 2013లో వచ్చిన హెచ్.265 పద్ధతియు నిట్టివే. రెండవది మరింత బిగించి మూటకట్టును. నేటి ఫోనులలో పెక్కింట నిదియు కలదు. వరుసగా చూచుకొని పోవువారికి చిక్కులేదు. కూర్చువారు ముందునకును వెనుకకును దుముకుచుందురు. ధారావాహిక నవలను నడుమ తెరచినవారు కథ తెలియుటకు పాత సంచికలు వెదకికొనునట్లు, ప్రాసెసరు ప్రతి దుముకునకును వెనుకటి నిండు బొమ్మకు పోయి లెక్క కట్టుకొనుచు రావలయును.

ఈ మూట కట్టుటకును విప్పుటకును ఇంటెల్ వారు 2011 నుండి తమ ప్రాసెసర్లలోని గ్రాఫిక్స్ భాగమున 'క్విక్ సింక్' అను ప్రత్యేకపు ఏర్పాటు చేసియున్నారు. పేరు చివర 'ఎఫ్' ఉన్నచో ఆ గ్రాఫిక్స్ భాగము పనిచేయదు. క్విక్ సింకును దానితోడనే పోవును. వెల కొంచెము తగ్గునుగదా యని మావారికి దానినే యిచ్చి, ప్రక్కన నొక పాతకాలపు గ్రాఫిక్స్ కార్డును తగిలించిరి. మంచి క్రొత్త కార్డే యైనచో ఈ కొఱత చాలవరకు తీరియుండును. కొంత సొమ్ము నష్టపడి, ఎఫ్ లేని అదే తరగతి ప్రాసెసరును పెట్టించి, బయాస్‌లో ఆ భాగమును మేల్కొల్పితిమి. తలంబ్రాలు సాఫీగా రాలినవి.

ఏ.యం.డి. వారి బల్లమీది ప్రాసెసర్లలో మునుపు 'జి' అక్షరము గలవానికే గ్రాఫిక్స్ భాగముండెడిది. 2022లో వచ్చిన రైజెన్ 7000 వరుస మొదలు పెక్కింట చేరినది. ఆపిల్ వారు 2020 నుండి తెచ్చుచున్న యం వరుసలో విప్పు యంత్రము లోపలనే కలదు. మెమొరీని మాత్రము తరువాత పెంచుకొనుటకు వీలులేదు, కొన్ననాడే చూచుకొనవలయును. ల్యాప్‌టాపులలో 'యు' అని చివరనున్న ఇంటెల్ ప్రాసెసర్లు విద్యుత్తు పొదుపుకొఱకు, 'హెచ్' గలవి బరువుపనికి. ఎంతటిదైనను వేడెక్కినచో వేగము తగ్గించుకొనును. మన బెజవాడ యెండలలో గాలి యాడని గదిలో పెట్టుకొని ప్రాసెసరును తిట్టుట న్యాయము కాదు.

ఇంటిపట్టున వంటల వీడియోలు, పెండ్లి వీడియోలు కూర్చువారికి ఆరు లేక ఎనిమిది కోర్లు చాలునని మా యభిప్రాయము. పదునారు కోర్లకు పెట్టు సొమ్ము మెమొరీకి పెట్టుట మేలు: 16 జీబీకి తక్కువ వలదు, 4కే దృశ్యములకు 32 జీబీ సుఖము. డావిన్చి రిజాల్వ్ వంటి కూర్పు సాధనములలో రంగులు దిద్దు పని చాలవరకు గ్రాఫిక్స్ కార్డుపై బడును. ఛాయాచిత్రములు దిద్దువారికి కోర్ల సంఖ్యకంటె ఒక్కొక్క కోరు వడి ముఖ్యము.

కొనుటకు ముందు మీ ఫోనుతో తీసిన దృశ్యమునే పెన్‌డ్రైవులో తీసికొనిపోయి, అంగడిలోనే కూర్పు సాధనమున తెరపించి, నడుమకు దుమికించి చూడుడు. విసుగుకొన్న విసుగుకొననిండు.

ఇదివరకే కొన్నవారు నిరాశపడ నక్కఱలేదు. 'ప్రాక్సీ' లనబడు తేలికపాటి ప్రతులను చేయించుకొని, వానిపై కూర్పు ముగించి, కడపట అసలు దృశ్యములకు మార్చుకొనవచ్చును. ప్రతులు తయారగుటకు కొంత కాలము పట్టును. రాత్రి పండుకొనబోవుచు పెట్టినచో తెల్లవారునప్పటికి సిద్ధము. మా తోడికోడలు మొదటి పెండ్లిని ఈ ఉపాయముతోనే గట్టెక్కించినది. నొచ్చుకొన్న యా పెండ్లివారే ఇప్పుడు తమ గృహప్రవేశపు వీడియోను ఆమెకు పంపియున్నారు.